గాలికి ఎదురెళ్లే ఓడ

విమానం నేలకు దిగేటప్పుడు పైలట్ వేగం తగ్గిస్తాడు. ఓడ మీద దిగేవాడు మాత్రం చక్రాలు డెక్‌ను తాకగానే ఇంజన్‌ను పూర్తి బలానికి పెంచేస్తాడు! విమానం తోక కింద ఒక కొక్కెం వేలాడుతుంటుంది. డెక్ మీద అడ్డంగా పరిచిన ఉక్కు తీగల్లో ఒకదాన్ని అది పట్టుకోవాలి. పట్టుకుంటే సరి, గంటకు 240 కిలోమీటర్ల వేగం రెండు మూడు సెకన్లలో సున్నా అవుతుంది. పట్టు తప్పిందా, ముందున్నది సముద్రమే. అప్పుడు మళ్లీ గాల్లోకి లేవాలి కాబట్టి ఆ బలం ముందే సిద్ధం చేసుకుంటాడు.

అంత చిన్న చోట సరిగ్గా దిగే దారి చూపించే పరికరం ఒకప్పుడు అద్దమే. దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. బ్రిటిష్ నౌకాదళ అధికారి నిక్ గుడ్‌హార్ట్ 1950ల తొలినాళ్లలో తన సెక్రటరీ చేతి అద్దాన్ని బల్ల మీద నిలబెట్టి, దాని మీద లిప్‌స్టిక్‌తో అడ్డగీత గీశాడు. ఎదురుగా టార్చి పెట్టి, అద్దంలో ఆ వెలుగు గీత మీదే కనపడేలా చూసుకుంటూ ఆమెను నడిచి రమ్మన్నాడు. చూపు తప్పకుండా వచ్చిన ఆమె గడ్డం చివరికి బల్లకు ఆనింది. జెట్ విమానాలకూ అదే సూత్రం పనికొచ్చింది.

మన తొలి విమానవాహక నౌక విక్రాంత్ మనకోసం కట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ‘హెర్క్యులిస్’ పేరుతో మొదలుపెట్టి, యుద్ధం ముగియడంతో సగంలో వదిలేసిన ఓడ. 1957లో మనం కొన్నాం. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో విజయలక్ష్మీ పండిట్ దాన్ని మన నౌకాదళంలోకి చేర్చారు. ఆ మే నెలలో దానిమీద తొలిసారి జెట్ దింపిన భారతీయుడు ఆర్.హెచ్. తహిలియానీ, తర్వాతి కాలంలో ఆయనే నౌకాదళాధిపతి అయ్యారు.

విమానాలు లేవాలన్నా దిగాలన్నా ఓడ గాలికి ఎదురు తిరిగి జోరుగా పరుగెత్తాలి. ఎదురుగాలి ఎంత ఉంటే రెక్కలకు అంత ఊతం. 1971 యుద్ధం నాటికి విక్రాంత్ బాయిలర్లలో ఒకటి పగుళ్లతో మూలపడింది. అంటే వేగం తక్కువ. గాలి పడిపోయిన రోజున బరువైన విమానాలను లేపడం కత్తిమీద సాము. ఆ కుంటి ఓడే డిసెంబర్ 4న తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీదికి, చిట్టగాంగ్ మీదికి విమానాలను పంపింది. దీనికి ముందు జరిగిన నాటకానికి వేదిక మన విశాఖపట్నం.

విక్రాంత్‌ను వెతికి ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. అప్పటికే విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్‌కు పంపేశారు. కానీ విశాఖలోనే ఉందని శత్రువు నమ్మాలి కదా! తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ వేసిన ఎత్తు ఇదీ: నౌకాదళం మొత్తం రేవులోనే ఉన్నట్టు విశాఖ కాంట్రాక్టర్లకు కూరగాయలు, మాంసం భారీగా ఆర్డరిచ్చారు; గూఢచారులు ఉంటే వాళ్ల చెవిన పడాలని. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి, విక్రాంత్ మాట్లాడుతున్నట్టు వైర్‌లెస్ సందేశాలు గుప్పించారు. పైగా విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టు ఒక సొంత తంతిని కావాలనే బయటికి పొక్కనిచ్చారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ తంతే. యుద్ధవ్యూహంలో అమ్మ జబ్బును వాడుకోవాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, మనుషుల్ని బాగా చదివినవాడే అయ్యుంటాడు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్లనని మనవాళ్లు, లోపలే జరిగిన పేలుడు వల్లనని పాకిస్తాన్ వాళ్లు అంటారు.

నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లను కదిపితే యుద్ధాల కన్నా ముందు నీళ్ల సంగతి చెబుతారు. చుట్టూ సముద్రం, స్నానానికి కరువు. ఉప్పునీటిని మంచినీటిగా మార్చే యంత్రాలు ఓడలోనే ఉంటాయి. అయితే బాయిలర్లకు మంచినీళ్లే కావాలి. విమానాన్ని ముందుకు విసిరే ఆవిరి కెటపల్ట్‌లు కూడా ఆ నీటినే తాగుతాయి. మనుషుల వంతు తర్వాతే. ఒళ్లు తడుపుకొని కుళాయి కట్టేయడం, సబ్బు రుద్దుకోవడం, మళ్లీ తిప్పి గబగబా కడిగేసుకోవడం: ఓడ స్నానం అంతే. వేసవిలో మునిసిపల్ కుళాయి చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

రోజూ డెక్ మీద నావికులు భుజం భుజం కలిపి వరసకట్టి, తలలు వంచుకుని నడుస్తారు. వెతికేది ఊడిన నట్టు కోసం, తీగముక్క కోసం. అలాంటి చిన్న ముక్క లోపలికి పోయినా జెట్ ఇంజన్ పాడైపోతుంది.

అమెరికన్ యుద్ధనౌకల్లో 1914 నుంచి మద్యం నిషేధం. వరసగా 45 రోజులు సముద్రం మీదే ఉంటే మాత్రం మనిషికి రెండు బీర్లు! ఆ లోటును ఐస్‌క్రీం పూడ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, నీళ్లలో పడిన పైలట్‌ను కాపాడి తెచ్చిన చిన్న ఓడకు పెద్ద నౌక వాళ్లు గ్యాలన్లకొద్దీ ఐస్‌క్రీం ముట్టజెప్పేవారు.

1975 ఏప్రిల్‌లో సైగాన్ పడిపోతున్న రోజుల్లో, దక్షిణ వియత్నాం మేజర్ బువాంగ్ లీ భార్యనూ ఐదుగురు పిల్లలనూ చిన్న సెస్నాలో ఎక్కించుకుని అమెరికన్ నౌక మిడ్‌వే మీదికొచ్చాడు. కొక్కెం లేదు, రేడియోలో మాట్లాడే వీలు లేదు. చోటిమ్మని కాగితం రాసి పైనుంచి విసిరాడు. కెప్టెన్ లారీ చాంబర్స్ లక్షల డాలర్ల హెలికాప్టర్లను సముద్రంలోకి నెట్టించి డెక్ ఖాళీ చేయించాడు. ఓడను గాలికి ఎదురు తిప్పాడు. ఏడుగురూ క్షేమంగా దిగారు. అంత ఖరీదైన ఉక్కును ఒక కుటుంబం కోసం నీళ్లపాలు చేసిన ఆ కెప్టెన్ లెక్క నాకు సబబనిపిస్తుంది.

మిడ్‌వే ఇప్పుడు శాండియేగోలో మ్యూజియం. మన ఓడలకు ఆ అదృష్టం చివరిదాకా దక్కలేదు. పాత విక్రాంత్ 1997లో రిటైరై, కొన్నేళ్లు ముంబైలో మ్యూజియంగా ఉండి, 2014లో ముక్కలైంది. దాని ఉక్కు కొంత బజాజ్ వి మోటార్‌సైకిల్ పెట్రోల్ ట్యాంకుల్లోకి చేరింది. ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళాన్ని ముందుండి నడిపించి, 1987లో మన దగ్గరికొచ్చి 30 ఏళ్లు పనిచేసిన విరాట్‌ను విశాఖలో మ్యూజియం చేద్దామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుకుంది. కుదరలేదు. 2020లో అది అలంగ్ ఓడల తుక్కు రేవుకు వెళ్లిపోయింది.

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మాత్రం ఉంది. లోపల తిప్పి చూపించేవాళ్లలో రిటైరైన నౌకాదళం వాళ్లున్నారు. వెళ్లినప్పుడు ఫొటోలు దిగి వచ్చేయకండి; ఓ పక్కన నిలబడి, ఓడలో నిద్ర ఎలా పట్టేదో, స్నానం ఎలా చేసేవారో అడగండి.