అవకాడో చిప్పలో కోడిగుడ్డు

అమెరికాలో చాలా తెలుగు ఇళ్లలో ఓవెన్ తలుపు తీస్తే లోపల కనిపించేవి మూకుళ్లు, పెనాలు, పండగలకు మాత్రమే బయటికొచ్చే పెద్ద గిన్నెలు. మన వంటంతా పైనున్న పొయ్యి మీదే అయిపోతుంది కనుక కింది ఓవెన్ సామాను అర అయిపోయింది. ఒక్క ఆదివారం ఉదయమైనా ఆ గిన్నెల్ని బయటపెట్టి ఓవెన్ వెలిగించాలనుకునేవారికి తొలి వంటగా చెప్పదగినది, అవకాడో చిప్పలో కాల్చిన గుడ్డు. ముందురోజు పప్పు నానబెట్టక్కర్లేదు, పెనం దగ్గర కాపలా ఉండక్కర్లేదు. ఇద్దరికి ఒక పండు, రెండు గుడ్లు, ఉప్పు, మిరియాల పొడి ఉంటే చాలు. అయితే పండు ఎంపిక, గుంట తీయడం సరిగ్గా కుదరాలి. అక్కడ తప్పితే ఓవెన్ చేయగలిగింది ఏమీ లేదు.

మన ఊళ్లలో పెరిగినవారికి అవకాడో పెద్దగా తెలిసిన పండు కాదు. బెంగళూరులో చదువుకున్నవారు మాత్రం పాలు, చక్కెర కలిపి కొట్టిన బటర్ ఫ్రూట్ జ్యూస్ తాగే ఉంటారు. అమెరికా దుకాణాల్లో ఎక్కువగా దొరికేది హాస్ రకం. దాని వెనక మంచి కథ ఉంది. రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మన్ 1920లలో కాలిఫోర్నియాలోని లా హాబ్రా హైట్స్‌లో ఒక విత్తనం నాటాడు. ఆ మొక్కకు వేరే రకం అంటుకట్టబోతే ఎన్నిసార్లు కట్టినా అతకలేదు. సరేనని వదిలేశాడు. అదే పెరిగి కాసింది. 1935లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. వేరుకుళ్లు తెగులుతో ఆ తల్లిచెట్టు 2002లో చనిపోయింది. నేడు లోకంలో ఉన్న హాస్ చెట్లన్నీ దాని అంటు సంతానమే.

ఈ వంటకు హాస్ పండే తగినది. తొక్క మందం, గరుకు. వేడికి చిప్పలా నిలబడుతుంది. ఫ్లోరిడా నుంచి వచ్చే పెద్ద ఆకుపచ్చ పండులో నీరు ఎక్కువ, కొవ్వు తక్కువ. దాన్ని సలాడ్‌కు వాడుకోవడం మేలు.

అవకాడో చెట్టున ఉన్నంతకాలం పండదు, కోశాకే మెత్తబడుతుంది. కాయ గట్టిగా ఉంటే కాగితపు సంచిలో అరటిపండుతో కలిపి ఉంచితే, దాని నుంచి వెలువడే ఇథిలీన్ అనే వాయువు వల్ల రెండు మూడు రోజుల్లో దారికొస్తుంది. అరచేతిలో పెట్టుకుని మెల్లగా నొక్కితే కాస్త లొంగాలి, వేలు దిగబడకూడదు. పచ్చడికి పనికొచ్చేంత మెత్తబడిన పండు ఓవెన్‌లో జారిపోతుంది.

కోసేముందు తొక్కను కడగాలి. లేకపోతే పైనున్న మురికిని, సూక్ష్మజీవుల్ని కత్తే గుజ్జులోకి మోసుకెళ్తుంది. పండును చేతిలో పట్టుకుని కోయవద్దు. అలా తెగిన చేతులు ఆసుపత్రులకు ఎన్ని వస్తాయంటే, ఆ గాయానికి వైద్యులు ‘అవకాడో హ్యాండ్’ అని పేరే పెట్టుకున్నారు. పలక మీద పెట్టి, గింజ చుట్టూ నిలువుగా కత్తి తిప్పి, రెండు చిప్పల్నీ మెలిపెట్టి విడదీయాలి. గింజను చెంచాతో ఎత్తాలి.

గింజ వదిలిన గుంటలో గుడ్డు పట్టదు. అమెరికాలో ‘లార్జ్’ అని అమ్మే గుడ్డులో పెంకు తీసేస్తే సుమారు 50 గ్రాముల సొన ఉంటుంది. అందుకని చుట్టూ ఇంకో చెంచాడు, చెంచాడున్నర గుజ్జు గీకాలి. అడుగున మాత్రం పలచబడనివ్వకూడదు. చిప్ప ఒరగకుండా మఫిన్ ట్రే గుంటల్లోనో, నలిపి చుట్టిన ఫాయిల్ చుట్టల మీదో కూర్చోబెట్టాలి. గుడ్డును నేరుగా చిప్పలో కొట్టకుండా ముందు చిన్న కప్పులో కొట్టుకోవాలి. పచ్చసొనను చెంచాతో తీసి గుంటలో దించి, తెల్లసొన పట్టినంతే పోయాలి. మిగిలింది మరో అట్టులోకి పనికొస్తుంది. ఈ వంటలో ఎక్కువమంది విసుక్కునేది ట్రే నిండా పారి మాడిన తెల్లసొనను చూసే. కప్పు వాడితే ఆ బాధ ఉండదు.

ఓవెన్ ముందే 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 220 సెల్సియస్‌కు వేడెక్కి ఉండాలి. పదిహేను నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. విడిగా ఉడికే గుడ్డు కంటే ఇది ఆలస్యం కావడానికి కారణం గుజ్జే. కొవ్వు నిండిన ఆ మందపాటి గోడ కింది నుంచి వచ్చే వేడిని అడ్డుకుంటుంది. పైన తెల్లగా గట్టిపడినట్టు కనిపించినా అడుగున సొన నీళ్లగానే ఉండొచ్చు. అందుకే ట్రేను కొద్దిగా కదిపి చూడాలి. మధ్యలో అలలాగా ఊగితే ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి. పచ్చసొన కారుతూ ఉంటేనే రుచి అనేవారున్నారు. గర్భిణులకు, చిన్నపిల్లలకు, వయసు పైబడినవారికి పెట్టేటప్పుడు మాత్రం రెండు సొనలూ గట్టిపడేదాకా కాల్చాలి. అలాగని అరగంట వదిలేస్తే అవకాడో చేదెక్కుతుంది.

ఉప్పు, మిరియాల పొడి ముందే చల్లవచ్చు. కారం మాత్రం ఓవెన్‌లో మాడిపోతుంది కనుక దించాకే వేయాలి. చీజ్ తురుము వేయమని చాలామంది చెబుతారు గాని, ఇంత వెన్నలాంటి గుజ్జుకు మళ్లీ కొవ్వు ఎందుకు? దానికి కావలసింది పులుపు, ఘాటు. నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు కరివేపాకు కారం పడితే ఈ మెక్సికో పండు మన నాలుకకు ఇట్టే దగ్గరవుతుంది.

ఒక చిప్ప, ఒక గుడ్డు కలిపి సుమారు 200 కేలరీలు. గుడ్డు నుంచి ఆరు గ్రాముల ప్రొటీన్, అవకాడో నుంచి మంచి పీచు, ఆలివ్ నూనెలో ఉండే తరహా కొవ్వు వస్తాయి. పొటాషియం కూడా బాగానే ఉంటుంది కాబట్టి మూత్రపిండాల జబ్బుతో దాన్ని తగ్గించుకోవలసినవారు వైద్యుణ్ణి అడిగి తినాలి.

ఎందరు తింటారో లెక్క చూసుకుని అన్ని చిప్పలే కాల్చండి. మిగిల్చి మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టవద్దు. పచ్చసొన పేలవచ్చు, గుజ్జు నల్లబడుతుంది. ఇది వేడివేడిగా, చెంచాతో చిప్పలోంచే తినవలసిన వంట.