ఏడు టన్నుల గణన యంత్రము ప్రయాణము

ఇల్లు మారునపుడు బరువైన బీరువాను తరలించుట కష్టమైన పనియే. అయినను లోపలి వస్తువులను తీసివేసి నలుగురు పట్టినచో అది కదలును. కాని ఆ బీరువా నిండ వేలకొలది తీగలు ముడివడియుండి, ఒక్క తీగ చోటు తప్పినను అది పనికిరానిదగుచో? తొలితరపు ఎలెక్ట్రానిక్ గణన యంత్రములను తరలించుటలోని చిక్కు ఇదియే.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ట్రెవర్ పియర్సీ, మాస్టన్ బియర్డ్ అనువారు రూపొందించిన యంత్రము 1949 నవంబరులో మొదటిసారి లెక్క చేసెను. అందు సుమారు 2,000 వాల్వు లుండెను. దాని బరువు 7 టన్నులు. సిడ్నీలో దాని పని ముగిసిన పిమ్మట, 1955లో దానిని విప్పి మెల్బోర్న్ విశ్వవిద్యాలయమునకు తరలించిరి. 1956 జూన్ 14న అది సైరాక్ అను పేరుతో మరల పనిచేయ నారంభించెను.

ఈ యంత్రపు జ్ఞాపకశక్తి పాదరసముతో నిండిన గొట్టములలో నుండెడిది. గొట్టపు ఒక కొననున్న స్ఫటికము విద్యుత్ స్పందనమును ధ్వనిగా మార్చును. రెండవ కొననున్న స్ఫటికము దానిని తిరిగి విద్యుత్తుగా మార్చును. పాదరసములో ధ్వని సెకనుకు సుమారు 1,450 మీటర్లు పోవును. కావున 1.45 మీటర్ల గొట్టమును దాటుటకు సెకనులో వెయ్యవ వంతు పట్టును. ఆ కొద్ది కాలము సంఖ్య గొట్టములో నిలుచును. దానిని మరల మరల మొదటికి పంపుచుండినచో అది చెరగదు. ఒక లీటరు పాదరసము 13.6 కిలోగ్రాములు తూగును. దాని ఆవిరి విషము. గొట్టము కారినచో యంత్రమునకే గాక మనుష్యులకును ముప్పు.

ఇట్టి యంత్రమును విప్పుటకు ఒక క్రమము కలదు. విద్యుత్తును ఆపినను కెపాసిటర్లలో ఆవేశము నిలిచియుండును. ముందుగా దానిని తొలగింపవలెను. తరువాత ప్రతి తీగ రెండు కొనలకును ఒకే అంకె వ్రాసిన చీటీ కట్టి, పటములో గుర్తింపవలెను. గాజు వాల్వులను వేరుగా మెత్తని దూదిలో నుంచవలెను.

అటుపై భారము సంగతి. 600 కిలోగ్రాముల బీరువా నాలుగు చిన్న చక్రములపై నిలిచి, ఒక్కొక్క చక్రము 5 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకినచో, ప్రతి చదరపు సెంటీమీటరుపై 30 కిలోగ్రాముల భారము పడును. చక్రముల క్రింద మందపు పలకలు పరచినచో ఆ భారము విశాలముగా పంచబడి నేల పగులదు. బీరువాను ఎక్కువగా వంచరాదు. గురుత్వకేంద్రము నుండి దిగిన నిలువుగీత ఆధారమును దాటినచో అది పడిపోవును.

అమెరికాలోని ప్రసిద్ధ ఎనియాక్ యంత్రపు 40 పలకలలో కొన్ని మాత్రమే వేర్వేరు చోట్ల మిగిలినవి. సైరాక్ 1964 నవంబరులో ఆగిపోయినను పాత ఇనుమున కలియక, మొత్తముగా మెల్బోర్న్ వస్తుప్రదర్శనశాలకు చేరినది. నేడది లెక్కలు చేయదు. అయినను ఏ భాగము దేనితో కలిసి పనిచేసెనో చూపుచు నిలిచియున్నది. విప్పినవారు చీటీలు కట్టుట మరచినచో మిగులునది యంత్రము కాదు, ఇనుప కుప్ప మాత్రమే.