బందరు రోడ్డు మీద జీవశాస్త్రం

విజయవాడ చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీల్లో స్టడీ అవర్ అంటే చాలామంది పిల్లలకు ఒకే పేరాను మళ్లీ మళ్లీ చదవడమే. నీట్‌లో 180 ప్రశ్నలుంటే 90 జీవశాస్త్రానివే. ఈఏపీసెట్ బైపీసీ పేపర్లోనూ 160కి 80 అవే. ఇన్ని సంగతులను తలకెక్కించుకోవాల్సిన పిల్లలకు ఏం చదవాలో గంటగంటకూ చెబుతున్నాం. చదివింది ఎలా నిలుపుకోవాలో మాత్రం చెప్పడం లేదు. పాఠాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మను బాగా తెలిసిన చోట నిలబెట్టుకోవడం ఒక విద్య. నేర్పితే వస్తుంది. నేర్పాల్సిన బాధ్యత కాలేజీలది.

జ్ఞాపకశక్తి పుట్టుకతో వచ్చే వరమని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పని కృష్ణా తీరానికి ఎప్పుడో తెలిసుండాలి. బందరులో తెలుగు పండితుడిగా విశ్వనాథ సత్యనారాయణ వంటి శిష్యులను తీర్చిదిద్దిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి అవధానాన్ని ఊరూరా నిలిపారు. అవధాని ఒక్కో పద్యాన్ని పాదం పాదంగా చెబుతూ, మధ్యలో మోగే గంటలను లెక్కపెడుతూ, అప్రస్తుత ప్రసంగానికి బదులిస్తూ, చివర ధారణలో అన్నిటినీ అప్పజెబుతాడు. వల్లెవేసే వ్యవధి అక్కడ ఉండదు. గణం, యతి, ప్రాస అనే చట్రంలో ఒదిగిన మాట నిలుస్తుంది; సాధన దానికి పదును పెడుతుంది. ఛందస్సు లేని పాఠానికి బొమ్మా చోటూ అలాంటి చట్రం కాగలవు. మనస్తత్వవేత్త లయొనెల్ స్టాండింగ్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో పదివేల బొమ్మలు చూసినవాళ్లు తర్వాత నూటికి ఎనభైకి పైగా గుర్తుపట్టారు. 2017లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో, ఈ విద్య తెలియనివాళ్లకు రోజుకు అరగంట చొప్పున 40 రోజులు చోట్ల పద్ధతి నేర్పారు. మొదట 72 మాటల్లో సగటున ముప్పైకి మించి చెప్పలేనివాళ్లు తర్వాత సగటున మరో 35 చెప్పగలిగారు. నాలుగు నెలల తర్వాత కూడా ఆ నేర్పు చాలావరకు నిలిచింది.

ఇంటర్ వృక్షశాస్త్రంలోని కణ సమవిభజననే తీసుకోండి. దాని నాలుగు దశలను విజయవాడ బందరు రోడ్డు మీద పెట్టవచ్చు. బస్టాండులో చిక్కుపడిన సన్నని దారాలు ముడుచుకుని లావెక్కుతున్నాయి: ప్రథమ దశ. స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం ముందు అవే తాళ్లు నడిమధ్య ఒకే వరుసలో నిలబడ్డాయి: మధ్యస్థ దశ. ఇందిరాగాంధీ స్టేడియంలో రెండు జట్లు తాళ్ల పేటలను విడదీసి చెరో కొసకూ లాగుతున్నాయి: చలన దశ. బెంజి సర్కిల్ దగ్గర రెండు గుంపుల చుట్టూ రెండు గుడారాలు లేచాయి: అంత్య దశ. ఇక్కడ వరుసనే కాదు, దారాల రూపంలో ఉన్న క్రోమోజోములు ఏం చేస్తున్నాయో కూడా బొమ్మే చెబుతోంది.

ఇదంతా బట్టీకి కొత్త వేషమేనని కొందరంటారు. అర్థం లేని బొమ్మ పెట్టుకుంటే ఆ మాట నిజమే. పాఠంలోని పనిని చూపే బొమ్మ గీయాలంటే ముందు పాఠం అర్థం కావాలి. భౌతికశాస్త్రం లెక్కలకు ఇది పనికిరాదన్న అభ్యంతరం న్యాయమైనదే. అక్కడ లెక్కలు చేయడమే దారి. అంతకన్నా బలమైన ఆక్షేపణ శాస్త్రవేత్తలదే. డన్లోస్కీ బృందం 2013లో చదువు పద్ధతులను తూచి, ఊహాచిత్రాలకు తక్కువ విలువే ఇచ్చింది. తనను తాను పరీక్షించుకోవడానికీ, రోజులు ఎడం ఇచ్చి చదవడానికీ పెద్దపీట వేసింది. అయితే అదే సమీక్షలో ఊరికే మళ్లీ చదవడానికీ తక్కువ మార్కులే పడ్డాయి. కాబట్టి బొమ్మలను స్వీయ పరీక్షతో కలపాలి: పుస్తకం మూసి, మనసులో బందరు రోడ్డు నడిచి, కనిపించింది కాగితం మీద రాసి, తప్పు దిద్దుకుని, రెండు రోజులకూ వారానికీ మళ్లీ నడవాలి. మనసులో బొమ్మ కట్టని పిల్లలూ ఉంటారు. వాళ్లు కాగితం మీదే గీసుకోవచ్చు.

కాలేజీలు స్టడీ అవర్లలో రోజుకు అరగంట దీనికి కేటాయించాలి. పిల్లలు ఆ రోజు పాఠంలో వరుసగా గుర్తుంచుకోవాల్సిన ఒక్క అంశాన్ని తమకు తెలిసిన దారిలో పెట్టుకుని, పుస్తకం మూసి అప్పజెప్పనివ్వండి. మార్కులు తక్కువొచ్చిన పిల్లవాడికి బుర్ర లేదని తేల్చేముందు, గుర్తుంచుకునే విద్యను వాడికి ఎవరైనా నేర్పారా అని అడగడం తల్లిదండ్రులుగా, అధ్యాపకులుగా మన ధర్మం.