గుండెకు ఆసరా – ఏ దారిన?

"గుండెకి జబ్బయితే గజ్జలో కోత ఎందుకండీ?" అని రోగుల బంధువులు అడుగుతూంటారు. సబబైన ప్రశ్నే. వైద్య విద్యార్థిగా నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

పెద్ద గుండెపోటు వస్తే గుండె కండరం దెబ్బతిని, నెత్తురు తోడలేక చతికిలబడవచ్చు. రక్తపోటు పడిపోతుంది, కాళ్ళూ చేతులూ చల్లబడతాయి. దీన్నే కార్డియోజెనిక్ షాక్ అంటారు. కండరం కోలుకునేదాకా కొద్దిరోజులు ఆసరా ఇవ్వడానికి యంత్రాలున్నాయి.

వాటిలో పాతది బెలూన్ పంపు. 1967లో అమెరికాలో ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ దీన్ని మొదటిసారి రోగికి వాడారు. గజ్జలోని ధమని గుండా బెలూన్‌ను ఛాతీలోని బృహద్ధమనికి చేరుస్తారు. గుండె విశ్రమించే క్షణంలో అది హీలియంతో ఉబ్బుతుంది. గుండె ముడుచుకోబోయే ముందు ఖాళీ అవుతుంది. ఉబ్బినప్పుడు గుండె కండరానికి నెత్తురు అందుతుంది, ఖాళీ అయినప్పుడు గుండెకు శ్రమ తగ్గుతుంది. మొదట్లో గజ్జ కోసి ధమనిని పైకి తీసేవారు. 1980 ప్రాంతం నుంచి సూది రంధ్రంతోనే పని జరుగుతోంది.

బెలూన్ సాయం చేస్తుందే గాని స్వయంగా తోడదు. ఇంపెల్లా అనే చిన్న పంపు తోడుతుంది. దాని ఒక కొస ఎడమ జఠరికలో, రెండోది కవాటం దాటి బృహద్ధమనిలో ఉంటుంది. చిన్నరకం గజ్జలోంచి సూదితో వెళుతుంది. నిమిషానికి అయిదు లీటర్లకు పైగా తోడే పెద్దరకం సుమారు 7 మిల్లీమీటర్ల లావు. అది గజ్జలో ఉంటే కాలికి నెత్తురు అడ్డవచ్చు, రోగి లేచి నడవనూలేడు.

అందుకని భుజం దారి. కాలర్ బోను కింద చిన్న కోత పెట్టి, ఛాతీ కండరం పోగులు విడదీసి, చేతికి పోయే ధమనిని బయటపెడతారు. హెపారిన్ ఇచ్చి, ధమని పక్కకు 10 మిల్లీమీటర్ల డాక్రాన్ గొట్టం కుడతారు. పంపు ఆ గొట్టంలోంచి పోతుంది కనుక చేతికి నెత్తురు ఆగదు. రోగి కూర్చుని భోంచేయవచ్చు, నడవవచ్చు. ధమని మరీ సన్నమైతే ఛాతీ తెరిచి నేరుగా బృహద్ధమనికే గొట్టం కుడతారు.

అయితే యంత్రం పెట్టినంత మాత్రాన ప్రాణం దక్కుతుందా? 2012లో 600 మందిపై జరిగిన పరీక్షలో బెలూన్ వల్ల నెలరోజుల్లో మరణాలు తగ్గలేదు. 2024లో వెలువడిన మరో పరీక్షలో, గజ్జలోంచి పెట్టిన ఇంపెల్లాతో 180 రోజుల్లో నూటికి 46 మంది, అది లేకుండా 59 మంది మరణించారు. కాని రక్తస్రావం, కాలికి నెత్తురందకపోవడం పంపు పెట్టినవారిలోనే ఎక్కువ.

అందుచేత పంపు తిరుగుతోంది కదా అని ఊరుకోకూడదు. పాదం చల్లబడిందా, రంగు మారిందా, నాడి అందుతోందా అని మాటిమాటికీ చూడాలి. గుండెను నిలబెట్టే ప్రయత్నంలో కాలు పోకుండా కాపాడేది ఆ చూపే.