మందుకు లొంగని రక్త క్యాన్సర్: ఆర్‌ఎన్‌ఏపై అపోహలు – వాస్తవాలు

రక్త క్యాన్సర్ చికిత్సకు భీమిలి నుంచి విశాఖకు, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తిరిగేవారిని కలవరపెట్టే ప్రశ్న ఒకటుంది: మొదట్లో పనిచేసిన మందు ఇప్పుడెందుకు పట్టడం లేదు? దీని జవాబులో ఆర్‌ఎన్‌ఏకూ చోటుంది.

అపోహ: ఒళ్లు మందుకు అలవాటు పడిపోయింది.
వాస్తవం: మారేది ఒళ్లు కాదు, క్యాన్సర్ కణాలు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకిచ్చి 1948లో ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కానీ ఆ ఊరట నిలవలేదు. మందును తట్టుకున్న కణాలు మళ్లీ పెరిగాయి. ఇప్పుడు పిల్లల ల్యుకేమియాకు పలు మందులు కలిపి ఇచ్చేది అందుకే.

అపోహ: ఆర్‌ఎన్‌ఏ అంటే కరోనా టీకాలో ఉండేదే.
వాస్తవం: అది మన దాదాపు ప్రతి జీవకణంలోనూ తయారవుతుంది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు ఆదేశాన్ని మోసుకెళ్తుంది. సుమారు 22 అక్షరాల మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆ ఆదేశాన్ని అదుపు చేస్తుంది. దీన్ని కనుగొన్న విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

అపోహ: మందు తగలాల్సిన ప్రోటీన్ రూపం మారితేనే మందు ఓడిపోతుంది.
వాస్తవం: అదొక దారి మాత్రమే. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ డీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఆ ఎంజైమ్ మితిమీరకుండా మైక్రో ఆర్‌ఎన్‌ఏ-24 కాపలా కాస్తుంది. అది అతుక్కునే చోట ఒక్క అక్షరం మారితే ఎంజైమ్ రూపం మారకుండానే పరిమాణం పెరిగి, మందు చాలకుండా పోతుందని 2007లో ప్రయోగశాల కణాల్లో తేలింది. రోగి రక్షణ కణాలనే మార్చి క్యాన్సర్‌పైకి పంపే కార్-టి చికిత్సలోనూ ఇలాంటి ఎత్తే కనిపించింది: ఆ చికిత్స గురిపెట్టే సీడీ19 ప్రోటీన్ ఆదేశంలో ఒక ముక్కను వదిలేసి అతికించుకున్న ల్యుకేమియా కణాలు చికిత్సకు చిక్కకుండా తప్పించుకున్నాయి.

అపోహ: తెల్లకణాల లెక్క సరిపోయింది కాబట్టి మాత్రలు మానేయొచ్చు.
వాస్తవం: దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాలో లెక్క కుదిరినా జబ్బు మిగిలి ఉండొచ్చు. అందుకే ఈ జబ్బు కణాల్లో ఉండే బీసీఆర్-ఏబీఎల్ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో పీసీఆర్ పరీక్షతో కొలుస్తారు. అది పెరుగుతుంటే ఇమాటినిబ్ మాత్రలు సరిగా వేసుకుంటున్నారా, టీ315ఐ వంటి జన్యు మార్పు వచ్చిందా అని చూసి మందు మారుస్తారు. ఏళ్ల తరబడి ఈ పరీక్షలో మంచి ఫలితం నిలిచిన కొందరికే, అదీ వైద్యుల నిఘాలో, మాత్రలు ఆపి చూస్తారు.

అపోహ: మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందు వచ్చేసింది.
వాస్తవం: ల్యుకేమియాకు అలాంటి మందు ఇంకా పరిశోధనల్లోనే ఉంది. ఆ పేరు చెప్పి డబ్బు అడిగితే ముందు మీ వైద్యుణ్ని అడగండి. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాకు మాత్రలు వాడేవారు మాత్రం పీసీఆర్ పరీక్షను వాయిదా వేయకండి. పాత రిపోర్టులన్నీ వరుసగా దాచుకోండి.