ఉప్పు ఎక్కడికి చేరుతుంది? విద్యుత్ కేంద్రాల విడుదల నీటి లెక్క

వేములవాడ పక్కగా పారే మూలవాగు మానేరులో కలిసే చోట మధ్య మానేరు జలాశయం వెలసింది. అక్కడి నుంచి కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు మీదుగా సాగే నది, మంథని మండలంలోని అరెంద వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ సంగమానికి ఎగువన, గోదావరికి దక్షిణపు గట్టు వైపున రామగుండం ఉంది. అక్కడ 1983లో ఒక్క 200 మెగావాట్ల యూనిట్‌తో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎన్‌టీపీసీ కేంద్రం 2004 నాటికి ఏడు యూనిట్లతో 2,600 మెగావాట్లకు పెరిగింది. దాని పక్కనే 800 మెగావాట్ల యూనిట్లు రెండింటితో కట్టిన తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రం 2023, 2024 సంవత్సరాల్లో జాతికి అంకితమైంది. అవతలి గట్టున మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి సంస్థకు 1,200 మెగావాట్ల కేంద్రం ఉంది. రామగుండానికి నీరిచ్చే ఎల్లంపల్లి జలాశయం సామర్థ్యం సుమారు 20 టీఎంసీలు. హైదరాబాద్ తాగునీటికీ, మేడారం, లక్ష్మీపూర్ పంపుహౌస్‌ల ద్వారా మధ్య మానేరుకు ఎత్తిపోసే నీటికీ ఆధారం ఆ జలాశయమే కనుక, విద్యుత్ కేంద్రాలు ఎంత నీరు తీసుకుంటాయి, తీసుకున్నదాన్ని ఏ స్థితిలో బయటికి వదులుతాయి అన్న ప్రశ్న వేములవాడ రైతుకు కూడా సంబంధించినదే.

బొగ్గును మండించి పుట్టించిన వేడిలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. కొంత చిమ్నీ గుండా పోగా, దాదాపు సగం వేడి కండెన్సర్‌లో, అంటే టర్బైన్‌ను తిప్పి వచ్చిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చే గొట్టాల పెట్టెలో, చల్లటి నీటికి అందుతుంది. 500 మెగావాట్ల యూనిట్‌లో ఇలా వదిలించుకోవలసిన వేడి సుమారు 600 మెగావాట్లు ఉంటుంది. నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు మించి పెరగకుండా అంత వేడిని మోసుకుపోవాలంటే గంటకు 50 వేల ఘనపు మీటర్లకు పైగా నీరు ఆ గొట్టాల గుండా ప్రవహించాలి. ఒక ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు. ఇంత నీటిని నదిలోంచి తోడుకొని, వేడెక్కిన నీటిని నేరుగా నదిలోకే వదిలే పద్ధతిని ఏకమార్గ శీతలీకరణ అంటారు. ఈ పద్ధతిలో నీరు పెద్దగా ఖర్చు కాదు గాని, దానితోపాటు వేడి కూడా నదిలోకి పోతుంది.

వేడి కూడా ఒక కాలుష్యమేనని చట్టం గుర్తించడానికి కారణం ప్రాణవాయువు. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలిగితే, 35 డిగ్రీల వద్ద అది 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో వేడి వల్ల చేపల శ్వాసక్రియ, మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవుల పని వేగం పుంజుకొని ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో నది పలచబడి, అప్పటికే వేడెక్కి ఉన్నప్పుడు ఈ రెండూ ఒకేసారి మీద పడతాయి. అందుకే పర్యావరణ పరిరక్షణ నిబంధనలకు 1998లో చేసిన సవరణ ప్రకారం, 1999 జూన్ 1 తరువాత ప్రారంభమై నదుల, చెరువుల, జలాశయాల నీటిని వాడుకునే థర్మల్ కేంద్రాలన్నీ కూలింగ్ టవర్లు కట్టుకోవలసిందే. నది నీటి ఉష్ణోగ్రతపై పెట్టే పరిమితి ఎంత గట్టిగా తగులుతుందో ఇతర దేశాల అనుభవం చెబుతుంది. అమెరికాలో టెనెస్సీ నది ఒడ్డున ఉన్న బ్రౌన్స్ ఫెర్రీ అణు కేంద్రం 2010 వేసవిలో నది ఉష్ణోగ్రత పరిమితి కారణంగా వారాల తరబడి ఉత్పత్తి తగ్గించుకుంది. ఫ్రాన్స్‌లో గారోన్, రోన్ వంటి నదుల నీటితో నడిచే ఐదు అణు కేంద్రాలకు 2022 వేసవిలో అక్కడి అణు భద్రతా సంస్థ తాత్కాలిక సడలింపు ఇవ్వవలసి వచ్చింది.

కూలింగ్ టవర్ వేడి సమస్యను నది నుంచి గాలిలోకి మారుస్తుంది. వేడెక్కిన నీటిని టవర్ లోపల తుంపరలుగా జార్చి, కింది నుంచి పైకి పోయే గాలికి తగిలిస్తే, కొంత నీరు ఆవిరై పోతూ మిగతా నీటిని చల్లబరుస్తుంది. చల్లబడిన నీరు మళ్లీ కండెన్సర్‌కు చేరుతుంది. 500 మెగావాట్ల యూనిట్‌కు ఇలా గంటకు దాదాపు 800 ఘనపు మీటర్ల నీరు ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే తప్ప అందులో కరిగి ఉన్న లవణాలు కావు కాబట్టి, చారు మరిగేకొద్దీ ఉప్పదనం పెరిగినట్లు, తిరుగుతున్న నీటిలో కాల్షియం, క్లోరైడ్, సిలికా చిక్కబడుతూ పోతాయి. వాటిని అలాగే వదిలేస్తే గొట్టాలకు పొలుసులా గార పట్టి, లోహం తినుకుపోతుంది. అందుచేత చిక్కబడిన నీటిలో కొంత భాగాన్ని ఎప్పటికప్పుడు బయటికి వదిలి, దాని స్థానంలోనూ ఆవిరైనదాని స్థానంలోనూ కొత్త నీరు కలుపుతారు. ఇలా వదిలే నీటినే ఉద్యోగులు బ్లోడౌన్ అనీ, కొత్తగా చేర్చే నీటిని మేకప్ అనీ అంటారు.

విడుదల నీటి విషయమంతా ఇక్కడే నిర్ణయమవుతుంది. మేకప్ నీటి కంటే తిరుగుతున్న నీరు ఎన్ని రెట్లు చిక్కబడిందో చెప్పే అంకెను గాఢత చక్రాలు అంటారు. ఆవిరైన నీటిని ఆ అంకెలోంచి ఒకటి తీసేసి వచ్చినదానితో భాగిస్తే బ్లోడౌన్ ఎంతో తెలుస్తుంది. పై యూనిట్‌లో చక్రాలు రెండయితే గంటకు 800, మూడయితే 400, ఐదయితే 200, తొమ్మిదయితే 100 ఘనపు మీటర్లు వదలాలి. రెండు నుంచి మూడుకు పెంచితే గంటకు 400 ఘనపు మీటర్లు మిగులుతాయి గాని, ఐదు నుంచి తొమ్మిదికి పెంచినా మిగిలేది 100 మాత్రమే. ఆ కొద్దిపాటి లాభానికి వదిలే నీరు ఐదు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల గాఢతకు ఎక్కుతుంది. నీటి పరిమాణం తగ్గించమని ఒక నిబంధన చెబితే, గాఢత పెరగనీయవద్దని ఇంకొకటి చెబుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలవాలన్నది కేంద్రంలోని రసాయన విభాగం రోజూ తేల్చుకునే లెక్క.

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి లేకుండా ఏ కేంద్రమూ వ్యర్థజలాన్ని బయటికి వదలకూడదు. 1986 నాటి పర్యావరణ నిబంధనల పట్టిక థర్మల్ కేంద్రపు నీటిని ఏ ప్రవాహానికి ఆ ప్రవాహంగా విడదీసి చూస్తుంది. బాయిలర్ బ్లోడౌన్‌లో తేలియాడే ఘనపదార్థాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు, నూనె, గ్రీజు 20, రాగి 1, ఇనుము 1 మించకూడదు. కూలింగ్ టవర్ బ్లోడౌన్‌లో స్వేచ్ఛా క్లోరిన్ 0.5, జింకు 1, మొత్తం క్రోమియం 0.2, ఫాస్ఫేట్ 5 మిల్లీగ్రాములు దాటకూడదు. బూడిద చెరువు నుంచి వచ్చే నీటికి పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఘనపదార్థాలకు 100, నూనెకు 20 అన్నవే హద్దులు. ఈ విభజనలో మంచి వివేకం ఉంది. అన్నింటినీ ఒకే కాలువలో కలిపి కొలిస్తే, బాయిలర్ నుంచి వచ్చిన రాగి బూడిద చెరువు నీటిలో పలచబడి పరిమితిలోనే ఉన్నట్లు కనిపిస్తుంది గాని, నదికి చేరే రాగి ఒక్క గ్రాము కూడా తగ్గదు.

క్లోరిన్ హద్దును పాటించే తీరు దగ్గరగా చూడదగినది. కండెన్సర్ గొట్టాల లోపల పాచి, జిగురు పట్టకుండా నీటిలో విడతలు విడతలుగా క్లోరిన్ కలుపుతారు. ఆ మోతాదు వేస్తున్నంతసేపూ బ్లోడౌన్ వాల్వును మూసి ఉంచి, నీటిలోని సేంద్రియ పదార్థంతో చర్య జరిగీ టవర్ గాలికి ఎగిరిపోయీ క్లోరిన్ తగ్గిందని పరీక్షలో తేలాకనే తెరిస్తే, వేరే రసాయనమేదీ వాడకుండానే పరిమితి నెరవేరుతుంది. ఎంత నీరు వదిలారో కొలవడంలోనూ అంతే జాగ్రత్త కావాలి. ప్రవాహాన్ని కొలవడానికి కాలువకు అడ్డంగా బిగించే రేకుకు వి ఆకారంలో గండి కోస్తారు. ఆ గండిలో నీటి ఎత్తు రెండింతలయితే ప్రవాహం రెండింతలు కాదు, దాదాపు ఐదున్నర రెట్లు అవుతుంది. కాబట్టి గండి దగ్గర చెత్త చేరి నీరు రెండు వేళ్ల ఎత్తు పెరిగినా లెక్క బాగా తప్పుతుంది.

2015 డిసెంబరు 7న కేంద్ర పర్యావరణ శాఖ తెచ్చిన నోటిఫికేషన్‌తో దృష్టి విడుదల నుంచి వాడకానికి మళ్లింది. పాత కేంద్రాలు ఒక మెగావాట్-గంటకు, అంటే వెయ్యి యూనిట్ల విద్యుత్తుకు, 3.5 ఘనపు మీటర్లకు మించి నీరు వాడకూడదు. 2017 జనవరి 1 తరువాత ఏర్పడే కేంద్రాలకు మొదట 2.5గా పెట్టిన హద్దును 2018 సవరణలో 3కు పెంచి, వ్యర్థజలాన్ని ఏమాత్రం బయటికి వదలకూడదన్న షరతును కొనసాగించారు. 2,600 మెగావాట్ల కేంద్రం ఏడాది పొడుగునా సగటున 85 శాతం సామర్థ్యంతో నడిచిందనుకుంటే, 3.5 లెక్కన దాని వాడకం దాదాపు 2.4 టీఎంసీలు అవుతుంది. ఎల్లంపల్లి వంటి జలాశయం నుంచి తాగునీరు, సాగునీరు కూడా పంచుకోవలసిన ప్రాంతంలో ఇది చిన్న అంకె కాదు. ఇదే గోదావరి పరీవాహకంలో, మరాఠ్వాడాలోని పర్లీ థర్మల్ కేంద్రం 2013 కరవులో నీరు లేక యూనిట్లు ఆపుకోవలసి వచ్చింది.

వ్యర్థజలం బయటికి రాకూడదన్న షరతు వినడానికి ఎంత బాగున్నా, నీటితో వచ్చిన లవణం సంగతి అందులో తేలదు. లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిని ఉదాహరణకు తీసుకుంటే, ఐదు చక్రాలతో నడిచే 500 మెగావాట్ల యూనిట్‌కు గంటకు 1,000 ఘనపు మీటర్ల మేకప్ కావాలి. దానితోపాటు రోజుకు ఏడు టన్నులకు పైగా లవణాలు లోపలికి వస్తాయి. ఆవిరి వాటిని మోసుకుపోదు. బ్లోడౌన్‌ను రివర్స్ ఆస్మాసిస్ పొరల గుండా వడగట్టి, మిగిలిన చిక్కటి నీటిని మరగించి ఘన లవణంగా మార్చవచ్చు గాని, దానికి విద్యుత్తు, డబ్బు బాగా ఖర్చవుతాయి. అందుకే బ్లోడౌన్‌ను బూడిదను గుజ్జుగా కలిపి పంపడానికీ, బొగ్గు గుట్టల మీద దుమ్ము అణచడానికీ వాడటం సులువైన దారిగా స్థిరపడింది. అప్పుడు లవణం బూడిదతో పాటు బూడిద చెరువుకు చేరుతుంది. రామగుండం కేంద్రానికి కుందనపల్లి దగ్గర ఉన్న బూడిద చెరువు వంటి చోట్ల పేరుకున్న నీటిని మళ్లీ పంపులతో కేంద్రానికి తిప్పి పంపితే నదికి విడుదల తగ్గుతుంది; అయితే చెరువు అడుగున తగిన పొర లేకపోతే అదే నీరు నేలలోకి ఇంకుతుంది, గేటు దగ్గరి మీటరుకు అది కనిపించదు.

ఇంకొక సమస్య వాన. వంద హెక్టార్ల బూడిద చెరువు మీద ఒక మీటరు వర్షం పడితే పది లక్షల ఘనపు మీటర్ల నీరు చేరుతుంది. ఎండాకాలంలో చుక్క నీటిని కూడా లోపలే తిప్పుకోగలిగిన కేంద్రానికి జూలై, ఆగస్టు నెలల్లో అదే నీటిని దాచుకునే చోటు ఉండదు. 2022 జూలైలో భారీ వానలకు నాగపూర్ సమీపంలో కోరాడి థర్మల్ కేంద్రానికి చెందిన బూడిద చెరువు కట్ట తెగి, బూడిద నీరు కన్హాన్ నదిలోకి చేరింది. ఆ కన్హాన్ వైన్‌గంగలో కలుస్తుంది; వైన్‌గంగ దిగువన ప్రాణహితగా మారి కాళేశ్వరం వద్ద గోదావరిలో కలుస్తుంది. విడుదల పరిమితి అమలును మండువేసవి నమూనాలతో మాత్రమే తూచడం ఉత్తర తెలంగాణలో సరిపోదు. చెరువు కట్టకు, నీటి మట్టానికి మధ్య వానాకాలానికి ముందు ఎంత ఖాళీ మిగిల్చారన్నది అంతే ముఖ్యమైన కొలత.

పట్టికలో పూరించవలసిన లోటు కూడా ఒకటి ఉంది. బూడిద నుంచి ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్ వంటివి నీటిలోకి ఊరగలవు. బూడిద చెరువు నీటి కోసం రాసిన పై మూడు హద్దులలో అవేవీ లేవు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2015లో విద్యుత్ కేంద్రాల పొగలోంచి గంధకాన్ని కడిగే యూనిట్ల వ్యర్థజలానికి ఆర్సెనిక్, పాదరసం, సెలీనియం, నైట్రేట్‌లకు విడివిడిగా హద్దులు పెట్టింది. రామగుండం, జైపూర్ వంటి చోట్ల బూడిద చెరువుల చుట్టూ పరిశీలక బావులు తవ్వి, వాటి నీటిని ఈ మూలకాల కోసం వేసవిలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి పరీక్షించి, ఆ ఫలితాలను ఊరి పంచాయతీ కార్యాలయంలో తెలుగులో అతికించడానికి కొత్త సాంకేతికత ఏదీ అవసరం లేదు.