తీర్పు వచ్చేదాకా పొయ్యి ఆరకూడదు



పొదిలి ప్రాంతంలోని మన సంఘాలలో ఎక్కువ కుటుంబాలు రెక్కల కష్టం మీద బ్రతికేవే. కొద్దిపాటి మెట్ట చేను ఉన్నా అది ఏడాదంతా అన్నం పెట్టదు. మిరప కోతలు, పత్తి తీతలు అయిపోగానే కొందరు చీమకుర్తి గ్రానైటు క్వారీలకు పోతారు. కొందరు బేల్దారి పనులు చూసుకుంటారు. కొందరు ట్రాక్టరు తోలుకుంటారు. ఇంటిపెద్దకు దెబ్బ తగిలితే ఆ రోజే కూలి ఆగిపోతుంది. నష్టపరిహారం కేసు తేలడానికి మాత్రం నెలలు పట్టవచ్చు, సంవత్సరాలూ పట్టవచ్చు. ఈలోగా ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? ఈ ప్రశ్ననే ఈ నెల మేము పాఠకుల ముందుంచుతున్నాము.

ఏశావు కథ మనకందరికీ తెలుసు. పొలమునుండి అలసి వచ్చిన ఆకలిలో, ఒక పూట వంటకానికి తన జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్నాడు. మన ఊళ్లలోనూ ఇదే జరుగుతున్నది. కాలు విరిగి మంచంలో ఉన్నవాని దగ్గరకు మేస్త్రీ వస్తాడు. "ఇదిగో పదివేలు, ఇంతటితో సరి" అని కాగితం మీద వేలిముద్ర అడుగుతాడు. ఇంట్లో బియ్యం లేవు, పిల్లలు ముఖం చూస్తున్నారు. వేలిముద్ర పడిపోతుంది. ఇదంతా కేసు తేలకముందు ఇంటి ఖర్చుకు ఆధారం లేక జరిగే అన్యాయం.

అయితే ఆధారం బొత్తిగా లేకపోలేదు. దెబ్బ తిన్నవానికి పని పోయిన కాలానికి సొమ్ము ఇవ్వాలనీ, అతడు పూర్తిగా బాగుపడేలా చూడాలనీ నిర్గమకాండము 21వ అధ్యాయంలోనే ఉన్నది. మన దేశంలో 1923లో వచ్చిన కార్మిక నష్టపరిహార చట్టం ఇటువంటి ఏర్పాటే చేసింది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి, 2020 అమలులోకి వచ్చింది. పాత చట్టంలోని ముఖ్యమైన ఏర్పాట్లను కొత్త చట్టం నిలుపుకొన్నది.

పనిలో గాయపడి కొంతకాలం పనిచేయలేకపోతే, యజమాని పదిహేను రోజులకొకసారి నెల జీతంలో నాలుగో వంతు ఇవ్వాలి. నెలకు 12,000 రూపాయలు సంపాదించేవానికి పదిహేను రోజులకు 3,000, అంటే నెలకు 6,000 వస్తుంది. మొదటి చెల్లింపు 16వ రోజున ఇవ్వాలి. 28 రోజులు లేక అంతకు మించి పనిచేయలేకపోతే దెబ్బ తగిలిన రోజునుండి లెక్క కడతారు. అంతకంటె తక్కువైతే మొదటి మూడు రోజులు వదిలిపెడతారు. కోలుకునేవరకు, గరిష్ఠంగా ఐదేళ్లవరకు ఇది రావాలి. ఈ.ఎస్.ఐ.లో నమోదైనవారికి యజమానికి బదులు ఆ సంస్థే సగటు కూలిలో 90 శాతం చెల్లిస్తుంది.

యజమాని "అంత సొమ్ము నేను ఇవ్వను" అని తగాదా పడినా, తాను ఒప్పుకున్న మేరకు ముందుగా చెల్లించవలసిందే. ఈ సొమ్ము తీసుకున్నంత మాత్రాన మిగిలినది అడిగే హక్కు పోదు. తరువాత పెద్ద మొత్తం వచ్చినప్పుడు ఇది అందులో మినహాయిస్తారు. అయితే ఆసుపత్రి ఖర్చుకు యజమాని ఇచ్చిన డబ్బును మాత్రం పరిహారం కింద లెక్క కట్టరాదు. ఇది చాలామందికి తెలియదు. ఈ పరిహారాన్ని అప్పులవాళ్లు జప్తు చేయలేరు. మనము కూడా దానిని ఎవరికీ రాసివ్వకూడదు.

హక్కు వదులుకుంటున్నట్లు రాసిన కాగితం చట్టం ముందు చెల్లదు. అయినా "సంతకం పెట్టేశాము కదా" అని మనవాళ్లు ఊరుకుంటారు. మేస్త్రీ కింద పని చేసినవారు, పని చేయించుకున్న అసలు యజమానిని కూడా అడగవచ్చు.

ఇందులో చిక్కులు కూడా ఉన్నవి. తాగి పనిలోకి దిగినందువల్ల దెబ్బ తగిలితే, ఇటువంటి తాత్కాలిక గాయానికి పరిహారం రాదు. ట్రాక్టరు, యంత్రాలు, కరెంటుతో చేసే సేద్యపు పనులకు చట్టం వర్తిస్తుంది గాని, ఒట్టి చేతులతో చేసే వ్యవసాయ పనులన్నిటికీ వర్తించదు. అన్నిటికంటె పెద్ద చిక్కు మరొకటున్నది. "వీడు నా పనివాడే కాడు" అని యజమాని అనేస్తే, తీర్పు వచ్చేదాకా చేతికి పైసా అందకపోవచ్చు.

అందుకే మొదటి వారంలోనే కొన్ని పనులు చేయాలి. ప్రమాదం సంగతి యజమానికి కాగితం మీద తెలియజేయండి. ఆసుపత్రిలో "పని చేస్తుండగా తగిలిన దెబ్బ" అని రాయించండి. చీటీలు, బిల్లులు, తోటి కూలీల పేర్లు దాచిపెట్టండి. కూలి డబ్బు ఫోనులో గాని బ్యాంకులో గాని పడి ఉంటే ఆ లెక్క తీసుకోండి. కార్మికశాఖలో దరఖాస్తుకు రెండేళ్ల గడువు ఉన్నా, ఆలస్యం చేయవద్దు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

సంఘ పెద్దలకు మా మనవి ఒకటి. కొన్నిసార్లు ట్రాక్టరు యజమాని, దెబ్బ తిన్న కూలి ఒకే సంఘంలో పక్కపక్కన కూర్చునేవారే. అటువంటప్పుడు "మనలో మనకు కోర్టులెందుకు" అని తొందరపడి రాజీ చేయకండి. రాజీ మంచిదే. అయితే అది న్యాయమైన మొత్తానికి జరగాలి, ఆ ఒప్పందం అధికారి దగ్గర నమోదు కావాలి. అంతవరకు పదిహేను రోజుల సొమ్ము ఆగకుండా ఇప్పించండి. విశ్వాసియైన యజమాని దీనిని దయ అనుకోకూడదు, బాకీ అనుకోవాలి. కూలివానికి ప్రొద్దు గుంకకముందే కూలి ఇవ్వాలని ధర్మశాస్త్రం ఎందుకన్నది? వాని ప్రాణం దానిమీదనే ఉన్నది గనుక.

మంచి సమరయుడు పూటకూళ్లవానికి మొదట రెండు దేనారములు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. గాయపడినవానికి ముందు కొంత, తరువాత మిగిలినది అన్న పద్ధతి అక్కడే ఉన్నది. యజమాని చేయి ముడుచుకున్న ఇంటికి ఆ రెండు దేనారములు సంఘమే కావాలి. స్త్రీల సమాజం కూడబెట్టే పిడికెడు బియ్యం, కానుకలలో ఒక భాగం, ఆసుపత్రికి తోడు వెళ్లే ఒక యౌవనస్థుడు, దరఖాస్తు రాసిపెట్టే ఒక ఉపాధ్యాయుడు ఉంటే చాలు, ఆ కుటుంబం ఆకలికి లొంగి వేలిముద్ర వేయదు.

మీ సంఘంలో ఈ రోజు మంచం పట్టిన కూలి ఎవరైనా ఉన్నారా? వచ్చే ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఆ ఇంటికి వెళ్లండి. ప్రార్థన చేయండి. ఏ కాగితం మీదనైనా వేలిముద్ర వేశారేమో అడగండి.